మందు ముసలిదవుతుందా

ఇరవై రెండేళ్ళు ట్రాలీబస్సులో టికెట్లు చింపాను.
ఉలాన్‌బాతర్ చలికి అద్దాలకి లోపలివైపే మంచు పట్టేది.
గోటితో గీకి, స్టాపు చూసి, పేరు అరిచేదాన్ని.
ఆ అరుపు ఎప్పుడు తగ్గిందో నాకు తెలీదు,
డ్రైవరు గోంబోకి తెలుసు.
"దుల్మా, నీ గొంతులో పిల్లి దూరింది" అన్నాడు ఒక నవంబరులో.
ఆ చలికాలమంతా మోశాను దాన్ని,
మెట్లెక్కితే కూసేది, నవ్వితే కూసేది.

అప్పుడిచ్చారు నీలం డబ్బా.
మొదటి రోజు ఇంకా గుర్తే: ఒక్క నొక్కు,
ఛాతీ మీద కూర్చున్న మనిషెవరో
దులుపుకుని లేచి వెళ్ళిపోయినట్టు.
ఆఖరి స్టాపులో దిగి ఊరికే పరిగెత్తాను
ఎవరూ తరమకుండానే,
నలభై దాటినదాన్ని, టికెట్ల సంచీ తొడకి కొట్టుకుంటుంటే.

ఇప్పుడూ అదే డబ్బా. అదే నీలం.
ఒకటి చాలక రెండు,
రెండు చాలక లెక్క మర్చిపోయాను.
రాత్రి మూడింటికి పొయ్యిలో బొగ్గు ఎగదోయడానికి లేస్తే
చీకట్లో చేతికి ముందు అది తగలాలి,
తరవాతే అగ్గిపెట్టె.

గోంబో తేల్చేశాడు: "ఒంటికి అలవాటైపోయింది.
ఏ మందైనా పదేళ్ళకి నీళ్ళే."
నేనూ నమ్మాను. నమ్మడం తేలిక.
మందు ముసలిదయిందంటే
నేను కాలేదనేగా.

ఆసుపత్రిలో నర్సు సొలోంగో వాదించలేదు.
సొరుగులోంచి చేతి అద్దం తీసి నా ముందు నిలబెట్టి
"రోజూ ఎలా పీలుస్తారో అలాగే చెయ్యండి" అంది.
చేశాను.
అద్దంలో నా పెదాల మూలల్నించి తెల్లగా లేచింది,
ఇంటిమీది పొయ్యిగొట్టంలా నేను.
ఇన్నేళ్ళూ నా మందుని నాలుక తింది,
గది తింది, గోడమీది తివాచీ తింది.
ఊపిరితిత్తులకి అందింది
పెళ్ళిలో చివరి బంతికి మిగిలినంత.

"ముందు ఖాళీ చెయ్యండి. నొక్కుతూ మెల్లగా లాగండి,
కాలే ఉప్పుచాయ్ జుర్రినట్టు.
ఇప్పుడు ఆపండి. పది అంకెలు."
ఐదు దగ్గర దగ్గొచ్చింది.
మళ్ళీ, అంది. ఏడు. మళ్ళీ.

తల ఎత్తకుండా రాసుకుంటూ ఇంకో మాట చెప్పింది:
"నీలాన్ని అస్తమానం పిలిస్తే పలకడం తగ్గిస్తుంది, అదీ నిజమే.
రాత్రంతా తట్టే తలుపుకి లోపలివాళ్ళు లేవరు.
అది ముసలితనం కాదమ్మా, విసుగు.
రోజూ పీల్చాల్సిన గోధుమరంగుదేదీ?"

గోధుమరంగుది బట్టల పెట్టెలో ఉంది, నాలుగు నెలలుగా.
వెనక చిన్న కిటికీలో నూట పద్ధెనిమిది.
కొత్తలో నూట ఇరవై.
రెండుసార్లు నొక్కి చూశాను. ఏమీ కాలేదు,
పరిగెత్తాలనీ అనిపించలేదు.
వెంటనే పలకనిది మందెలా అవుతుందని
మడిచిన చలికోటు కింద పడేశాను.
బస్సులో కూడా అంతే నేను,
అరిచేవాళ్ళకే ముందు చిల్లర ఇచ్చేదాన్ని.

బయటికొస్తే సాయంత్రం నాలుగు.
కొండమీది గుడారాల్లోంచి బొగ్గుపొగ దిగుతోంది,
వీధిదీపాలు గుడ్డుసొనల్లా.
ఈ ఆకాశం ముందు అద్దం పెట్టే నర్సు లేదు.
గోంబోకి ఏం చెప్పను?
మందు బాగానే ఉందంటే, "మరి ఇన్నాళ్ళూ?" అంటాడు.
ఇన్నాళ్ళూ.

ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. ఊపాను.
ఉన్న గాలంతా వదిలేశాను. నొక్కి, లాగాను.
ఏమీ కాలేదు.
ఆ ఏమీ కాకపోవడాన్నే
పది అంకెలదాకా లోపల పట్టుకున్నాను.

పుక్కిలించి గుమ్మం బయట ఉమ్మితే
చూస్తుండగానే గడ్డకట్టింది.
చిన్న కిటికీలో నూట పదిహేడు.